ప్రోటాన్ లోపలి లెక్క: రోజెన్‌బ్లూత్ పద్ధతి మేలా, స్పిన్ పద్ధతి మేలా?

ప్రోటాన్‌లో విద్యుదావేశం ఎలా పరుచుకుని ఉందో ఒక ఫామ్ ఫ్యాక్టర్ (తాకిడి గట్టిదనాన్ని బట్టి మారే కొలత) చెబుతుంది, అయస్కాంతత్వం సంగతి ఇంకొకటి చెబుతుంది. ప్రోటాన్ మీదికి ఎలక్ట్రాన్లను వదిలి ఈ రెండింటినీ కొలవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. రెండూ ఒకే జవాబు ఇవ్వాలి. ఇవ్వడం లేదు. చెన్నై గిండీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మన నెల్లూరు, చిత్తూరు పిల్లలతో ఈ మాట వచ్చినప్పుడల్లా "అన్నా, అట్లయితే దేన్ని నమ్మాల?" అని అడుగుతారు. మీరు కొలవాలనుకుంటున్నది ఏమిటో ముందు చెప్పండి అంటాను.

పాత దారికి ఆధారం 1950లో మార్షల్ రోజెన్‌బ్లూత్ ఇచ్చిన సూత్రం. ఎలక్ట్రాన్ ఎంత గట్టిగా తాకిందో చెప్పే క్యూ స్క్వేర్‌ను మార్చకుండా ఉంచి, బీమ్ శక్తినీ కోణాన్నీ మారుస్తూ ఎన్ని ఎలక్ట్రాన్లు చెదిరాయో లెక్కపెడతారు. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి విద్యుత్ భాగం, నిలువు అక్షాన్ని తాకే చోటు నుంచి అయస్కాంత భాగం దొరుకుతాయి. స్పిన్‌తో (కణానికి సహజంగా ఉండే, తిరగడం లాంటి గుణం) పనే లేదు, మామూలు బీమ్ చాలు.

చిక్కంతా ఆ వాలులోనే ఉంది. క్యూ స్క్వేర్ పెరిగేకొద్దీ అయస్కాంత భాగమే మొత్తం ఆక్రమిస్తుంది. రెండు ఫామ్ ఫ్యాక్టర్లూ ఒకే తీరున తగ్గుతాయన్న పాత నమ్మకం ప్రకారం చూసినా, క్యూ స్క్వేర్ 4 జీఈవీ స్క్వేర్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర విద్యుత్ భాగం అయస్కాంత భాగంలో దాదాపు 11 శాతం మించదు. 5.6 దగ్గర స్పిన్ కొలతల విలువ పెట్టి నేను లెక్క కట్టి చూస్తే ఒక శాతం కూడా రాలేదు. మాధవరంలో లోడు లారీని కాటా ఎక్కించి, డ్రైవర్ ఉన్నప్పుడూ దిగినప్పుడూ తూచి, ఆ తేడాతో డ్రైవర్ బరువు చెప్పడం లాంటిది ఇది. కాటాలో చిన్న తప్పున్నా చాలు, మొత్తం లెక్క పోతుంది.

స్పిన్ దారి వేరు. ఖార్కివ్‌కు చెందిన అఖియేజర్, రెకాలో 1968లోనే దీన్ని సూచించారు. స్పిన్ ఒకే దిశలో ఉన్న ఎలక్ట్రాన్లను పంపితే, దెబ్బ తిన్న ప్రోటాన్‌కు కొంత స్పిన్ అందుతుంది. అందులో అడ్డంగా ఉన్న భాగాన్ని ముందుకు ఉన్న భాగంతో భాగిస్తే, విద్యుత్, అయస్కాంత ఫామ్ ఫ్యాక్టర్ల నిష్పత్తి నేరుగా వస్తుంది. ఈ పద్ధతి మీద నాకున్న గౌరవానికి కారణం ఇక్కడే ఉంది: బీమ్‌లో ఎంత శాతం స్పిన్ కుదిరింది, పోలరిమీటర్ (స్పిన్ కొలిచే పరికరం) ఎంత చురుకుగా పనిచేసింది అన్న రెండు పెద్ద అనుమానాలూ భాగహారంలో కొట్టుకుపోతాయి. కష్టం లేదని కాదు. ప్రోటాన్ స్పిన్ తెలియాలంటే దాన్ని కార్బన్ లాంటి పదార్థంలో మళ్లీ చెదరగొట్టాలి. దారిలో స్పెక్ట్రోమీటర్ (కణాలను వంచి కొలిచే పరికరం) అయస్కాంతాలు స్పిన్‌ను తిప్పేస్తాయి కాబట్టి ఆ తిప్పుడును లెక్కలో వెనక్కి తిప్పాలి. పనికొచ్చే ఘటనలు తక్కువ, బీమ్ టైమ్ ఎక్కువ.

అమెరికాలోని వర్జీనియాలో ఉన్న జెఫర్సన్ ల్యాబ్ ఈ పద్ధతిలో చేసిన కొలతలు 2000లో వచ్చాయి. ఆ పని నడిపినవాళ్లలో చార్లెస్ పెర్డ్రిసా, వీనా పంజాబీ ముఖ్యులు. ప్రోటాన్ అయస్కాంత భ్రామకం 2.79తో గుణించిన నిష్పత్తి 1 దగ్గరే ఉంటుందని రోజెన్‌బ్లూత్ కొలతలు చెబుతూ వచ్చాయి. స్పిన్ కొలతల్లో అది తిన్నగా పడిపోయింది. 2002 నాటి ఫలితాల్లో 5.6 దగ్గర 0.3 కన్నా కిందికి దిగింది.

పాతవాళ్లు సరిగ్గా కొలవలేదేమో అనుకోవడం తేలిక, కానీ అన్యాయం. అదే ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ బదులు ప్రోటాన్‌ను పట్టుకుని మరింత కచ్చితంగా చేసిన రోజెన్‌బ్లూత్ కొలత 2005లో వచ్చింది, అదీ పాత జవాబే ఇచ్చింది. కాబట్టి అనుమానం సూత్రం మీదికి మళ్లింది. ఎలక్ట్రాన్, ప్రోటాన్ మధ్య ఒకే ఫోటాన్ (కాంతి కణం) చేతులు మారుతుందని ఆ సూత్రం అనుకుంటుంది. రెండు ఫోటాన్లు మారితే వచ్చే సవరణ కొద్ది శాతమే, అయినా విద్యుత్ భాగం కూడా అంతే చిన్నదైనచోట వాలును తారుమారు చేస్తుంది. స్పిన్ నిష్పత్తి మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఎలక్ట్రాన్లతో, పాజిట్రాన్లతో (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ జోడీలు) విడివిడిగా కొలిచి పోల్చే పని జర్మనీలోని డెజీ ల్యాబ్‌లో, రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో, జెఫర్సన్ ల్యాబ్‌లో జరిగింది. అవి 2 జీఈవీ స్క్వేర్ చుట్టుపక్కలే ఆగాయి. తేడా పెద్దగా ఉండే పై ప్రాంతంలో పాజిట్రాన్ కొలతలు కావాలి.

అందుకని ఎక్కువ క్యూ స్క్వేర్‌లో నిష్పత్తి కావాలంటే నా ఓటు స్పిన్ పద్ధతికే. కానీ అది ఇచ్చేది నిష్పత్తి మాత్రమే. అయస్కాంత ఫామ్ ఫ్యాక్టర్ అసలు విలువ కావాలంటే మళ్లీ క్రాస్ సెక్షన్ (ఎన్ని ఎలక్ట్రాన్లు చెదిరాయన్న లెక్క) దగ్గరికే రావాలి. ప్రోటాన్ సైజు కావాలన్నా అంతే. చాలా తక్కువ క్యూ స్క్వేర్‌లో విద్యుత్ భాగానిదే పైచేయి, అక్కడ మామూలు లెక్కింపే మేలు. 2019లో 0.831 ఫెమ్టోమీటర్ల వ్యాసార్థం చెప్పిన పీరాడ్ ప్రయోగం చేసింది అదే.

స్పిన్ కుదిర్చిన ప్రోటాన్ టార్గెట్ మీదికి స్పిన్ కుదిర్చిన బీమ్‌ను వదలడం మూడో దారి. ఇంకో రకంగా సరిచూసుకోవడానికి మంచిదే, కానీ బీమ్ వేడికి టార్గెట్‌లో స్పిన్ చెదిరిపోతుంది కాబట్టి బీమ్ తగ్గించాల్సి వస్తుంది.

చెన్నైలో కూర్చుని ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్లకు యాక్సిలరేటర్ అక్కర్లేదు. అచ్చైన క్రాస్ సెక్షన్ డేటా తీసుకుని, ముందు రేఖను స్వేచ్ఛగా ఫిట్ చేయండి. తర్వాత స్పిన్ నిష్పత్తిని అందులో బిగించి మళ్లీ ఫిట్ చేసి, అయస్కాంత విలువ ఎంత జరిగిందో చూడండి. ఒక్క ల్యాప్‌టాప్, ఒక సెమిస్టర్ సరిపోతాయి.