క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ కొన్నారా? "బర్న్-ఇన్ అయ్యాక బాగుంటుంది" అంటే నమ్మి రిటర్న్ గడువు పోగొట్టుకోకండి

పది పదిహేను వేలు పెట్టి, కప్పుల వెనక భాగం మూసి ఉండే మంచి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ తెప్పించుకుంటారు. పెట్టుకోగానే బేస్ పలచగా ఉంటుంది, లేదంటే ఎడమ చెవికి ఒకలా కుడి చెవికి ఒకలా వినిపిస్తుంది. అమ్మినవాళ్లను అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఇదే: "కొత్తది కదా సార్, వంద గంటలు బర్న్-ఇన్ కానివ్వండి, సౌండ్ తెరుచుకుంటుంది." బర్న్-ఇన్ అంటే కొత్తదాన్ని గంటల తరబడి మోగిస్తే సౌండ్ మెరుగవుతుందన్న మాట. రోజుకు 5 గంటలు విన్నా వంద గంటలకు 20 రోజులు పడుతుంది. ఆన్‌లైన్‌లో వస్తువు మార్చుకునే గడువు చాలాచోట్ల 7 రోజులు, మహా అయితే 10. వాళ్ల మాట విని ఆగితే ఆ తర్వాత మిగిలేది సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడమే.

వాడుతున్న కొద్దీ నిజంగా మారేవి ప్యాడ్లు. ఒంటి వేడికి లోపలి ఫోమ్ మెత్తబడి చెవి చుట్టూ సర్దుకుంటుంది, బిగింపు కాస్త వదులవుతుంది. అది రెండు మూడు రోజుల్లోనే తెలిసిపోతుంది. లోపమున్న డ్రైవర్ (కప్పులో శబ్దం పుట్టించే భాగం) మాత్రం వంద గంటలకు కాదు కదా, వెయ్యి గంటలకైనా బాగుపడదు. అందుకే పార్సిల్ వచ్చిన రోజే పరీక్ష మొదలుపెట్టండి.

ముందు ఒక్క విషయం బుర్రకెక్కాలి. క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ అంతా కప్పుకీ చెవికీ మధ్య బిగిసిన గాలి మీద ఆధారపడుతుంది. సైకిల్ పంపులో వాషర్ అరిగితే ఎంత కొట్టినా గాలి ఎక్కదు చూడండి, ఇదీ అంతే. ప్యాడ్ ఎక్కడైనా చర్మానికి ఆనకపోతే ఆ సందులోంచి ఒత్తిడి జారిపోతుంది, ముందుగా దెబ్బతినేది అడుగు బేస్. కళ్లజోడు కాడ, చెవి ముందుకు పడిన జుట్టు, చెవికి పట్టిన మాటీ, దవడ కింద చిన్న గుంట, ఏదైనా చాలు. బేస్ తగ్గగానే మనం వాల్యూమ్ పెంచుతాం, అప్పుడు ట్రెబుల్ (సన్నటి, పదునైన శబ్దాలు) చెవిలో గుచ్చుకుంటుంది. "ఈ మోడల్ షార్ప్‌గా ఉంది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ లీకే.

పరీక్షకు ముందు ఫోన్‌లో సౌండ్‌ను మార్చే డాల్బీ ఆట్మాస్, ఈక్వలైజర్ ఆపేయండి. యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూడండి. చేయి తగిలి అది పక్కకు జరిగి ఉంటే మంచి పీస్‌నే లోపమున్నదని తిప్పి పంపేస్తారు. ఇప్పుడు 50 హెర్ట్జ్ టోన్‌ను (లోతైన బేస్ మోత) తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా తలకు నొక్కండి. మోత ఒక్కసారిగా పెరిగిందంటే లీక్ ఉన్నట్టే. కళ్లజోడు తీసి మళ్లీ వినండి. జోడు లేనప్పుడు బేస్ నిండుగా వచ్చి, పెట్టగానే పోతే ఆ హెడ్‌ఫోన్‌లో తప్పు లేదు, అది మీ ముఖానికి కుదరలేదు. సన్నటి మెటల్ కాడల జోడుకు సర్దుకునే మెత్తటి ప్యాడ్లు లావు ప్లాస్టిక్ ఫ్రేముకు సర్దుకోవు. రోజంతా జోడు పెట్టుకునేవాళ్లు జోడుతో విన్నదే లెక్కలోకి తీసుకోవాలి.

ఒక పక్క తక్కువ వినిపిస్తే నింద ఎవరి మీద వేయాలో తేల్చే పద్ధతి ఉంది, దీన్ని తొందరపడకుండా చేయండి. రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేలా మోనోలో పింక్ నాయిస్ (జలపాతం హోరులాంటి శబ్దం) పెట్టండి. శబ్దం సరిగ్గా నుదుటి మధ్యలో నిలబడాలి. పక్కకు లాగితే హెడ్‌ఫోన్‌ను తిప్పి, ఎడమ కప్పు కుడి చెవికి వచ్చేలా పెట్టుకోండి. బలహీనత అదే చెవి దగ్గర ఉండిపోతే కారణం మీ తల ఆకారమో, జోడో, చెవిలో గులిమో. కప్పుతో పాటు అవతలి చెవికి మారితే హెడ్‌ఫోన్‌నో, దానికి సిగ్నల్ ఇచ్చేదాన్నో అనుమానించాలి. అప్పుడు వేరే ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో పెట్టి చూడండి. అక్కడా అలాగే ఉంటే ప్యాడ్లు రెండూ ఊడదీసి అటుదిటు మార్చండి. లోపం ప్యాడ్ వెంట వెళితే తప్పు ప్యాడ్‌దే, కుట్టు ఊడి ఉండొచ్చు. కదలకుండా అదే కప్పులో ఉంటే డ్రైవరో, లోపలి వైరో. ఇంతవరకూ తేల్చి చెప్పిన ఫిర్యాదును "బర్న్-ఇన్ కానివ్వండి" అని తోసెయ్యడం వాళ్లకూ కష్టమే.

తర్వాత 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పైకి ఎక్కే టోన్ (స్వీప్) వినండి. 20 దగ్గర ఏమీ వినపడట్లేదని వాల్యూమ్ పెంచేయకండి, డ్రైవర్ పొర (డయాఫ్రమ్) దెబ్బతినొచ్చు. ఎక్కడైనా కాగితం వణికినట్టు జరజర వస్తే గుడ్డ కింద డయాఫ్రమ్‌కు ఒక వెంట్రుక తగులుతూ ఉండొచ్చు. కొత్త పీస్‌లో వెంట్రుక దొరికిందంటే మీకంటే ముందు ఇంకెవరో వాడి వాపసు చేసిన పీస్ కావచ్చు. ప్యాడ్ విప్పే ముందే వీడియో తీసి ఉంచండి.

ఇవన్నీ దాటాకే పాటలు. నిజానికి పాటకంటే ముందు ఆకాశవాణి వార్తలు చదివే మగ గొంతు ఏదైనా పెట్టండి. ఆ గొంతు కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టు గుమ్మంటే కప్పు లోపలి ప్రతిధ్వనే కారణం. మూసిన కప్పు కాబట్టి డ్రైవర్ వెనక శబ్దం గోడకు తగిలి తిరిగొస్తుంది, నాసిరకం డిజైన్‌లో అది గొంతు మీద పడుతుంది. తర్వాత మృదంగం స్పష్టంగా రికార్డయిన కచేరీ ఒకటి. మృదంగం ఎడమ మూత మీద వాయించే గుమ్కీ నాదం జారుతూ వంగడం వినపడాలి. ఉత్త "ధబ్" మని ఆగిపోతే బేస్ ఎంత పెద్దగా ఉన్నా అందులో వివరం లేనట్టే. ఆఖరుగా ఆడగొంతు పాటలో శ, ష, స అక్షరాల దగ్గర కళ్లు చిట్లిస్తున్నారేమో గమనించుకోండి. 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం ఎక్కువగా వచ్చే మోడళ్లలో ఇది మామూలు. ఇది లోపం కాదు, కంపెనీ ట్యూనింగ్. నచ్చకపోతే ఉంచుకోవద్దు, అలవాటవుతుందిలే అని ఆగొద్దు.

కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే నిరోధాన్ని కొలిచే ఓమ్స్ విషయంలోనూ మోసపోతున్నారు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో చూడ్డానికి దాదాపు ఒకేలా ఉండి 32, 80, 250 ఓమ్స్‌లో దొరుకుతుంది. మూడింటికీ కంపెనీ చెప్పే సెన్సిటివిటీ (ఒక మిల్లీవాట్‌కు వచ్చే శబ్దం) 96 డెసిబెల్స్. పాటలో ఒక్కసారిగా వచ్చే పెద్ద దెబ్బలు 110 డెసిబెల్స్ దాకా అందాలంటే 32 ఓమ్స్ దానికి సుమారు 0.9 వోల్ట్ చాలు, 250 దానికి 2.5 వోల్టులు కావాలి. ఫోన్‌కు తగిలించే చిన్న డాంగిళ్లలో (హెడ్‌ఫోన్ జాక్ అడాప్టర్లలో) చాలావి 1 వోల్ట్ దగ్గరే ఆగిపోతాయి. పెట్టెలో సరైనదే వచ్చిందా అన్న అనుమానముంటే మల్టీమీటర్ తీయండి. జాక్ కొనకీ మొదలుకీ మధ్య ఎడమ కాయిల్ (డ్రైవర్‌లోని తీగచుట్ట), నడిమి రింగుకీ మొదలుకీ మధ్య కుడి కాయిల్. రీడింగ్ పెట్టె మీది అంకెకు దగ్గర్లో ఉండాలి, రెండు పక్కలా దాదాపు ఒకటే రావాలి.

సౌకర్యం సంగతి షాపులో ఐదు నిమిషాలు పెట్టుకుంటే తెలియదు. కనీసం రెండు గంటలు ఏకబిగిన పెట్టుకోండి, ఫ్యాన్ కింద ఒకసారి, ఫ్యాన్ ఆపి ఒకసారి. విజయవాడ ఎండల్లో, విశాఖ ఉక్కలో లెదర్‌లా కనిపించే పాలీయురెథేన్ ప్యాడ్ల కింద ఇరవై నిమిషాలకే చెమట పడుతుంది. ఆ తేమకే పై పొర పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది కూడా. వెలూర్ గుడ్డ ప్యాడ్లు చల్లగా ఉంటాయి, కానీ బయటి చప్పుడు కొంచెం లోపలికొస్తుంది. చెవి కొన లోపలి గుడ్డకు తగులుతోందా, నడినెత్తిన ఒక్కచోటే నొప్పి పుడుతోందా చూడండి. చెవి తగలడం రోజులు గడిచే కొద్దీ ఎక్కువవుతుంది, ఎందుకంటే ఫోమ్ అణిగిపోతుంది. బిగింపు ఎక్కువైందని మొదటి వారంలోనే పుస్తకాల దొంతర మీద సాగదీసి పెట్టకండి. వదులైతే లీక్ మొదలవుతుంది, పైగా సాగిన బ్యాండ్ చూసి రిటర్న్ తిరస్కరిస్తారు.

ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ లాంటి బాగా అమ్ముడుపోయే మోడళ్లకు నకిలీలు ఉన్నాయి. దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైంది, నెల, సంవత్సరం చట్ట ప్రకారం ఉండాలి. ఆ స్టిక్కర్ లేకపోతే వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. వాడిన పీస్‌కు ఐదారు వందల ప్యాడ్లు వేసి కొత్తదని అమ్మేవాళ్లూ ఉన్నారు. ప్యాడ్ మందం నాలుగైదు మిల్లీమీటర్లు మారినా చెవికీ డ్రైవర్‌కూ మధ్య దూరం మారి సౌండే మారిపోతుంది. కంపెనీ ఫొటో పక్కన పెట్టి ప్యాడ్ కుట్టు, లోపలి గుడ్డ పోల్చి చూడండి.

ఫిర్యాదు రాసేటప్పుడు "సౌండ్ బాగాలేదు" అని రాయకండి, అది మీ అభిరుచి అని కొట్టేస్తారు. "కుడి కప్పు తక్కువ వస్తోంది, తిప్పి పెట్టినా కప్పుతో పాటే మారుతోంది, రెండు పరికరాల్లో చూశాను, మల్టీమీటర్ రీడింగ్ ఎడమ ఇంత, కుడి ఇంత" అని రాయండి. పెట్టె విప్పిన వీడియో, బిల్లు జత చేయండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, యాప్ చాట్‌లోనో ఈమెయిల్‌లోనో గడువులోపే పంపండి. అప్పటికీ బర్న్-ఇన్ పాటే పాడితే ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.