బ్యాటరీ లేని లీకు సెన్సర్లు, రెండేళ్లు వాడాక

మియాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీకి నీళ్ల వ్యవహారం చూసేది నేనే. పెద్ద ట్యాంకు నుంచి నాలుగు బ్లాకులకు వెళ్లే లైనంతా భూమిలోనే ఉంది, సగం పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప పైపు), సగం తర్వాత వేసిన పీవీసీ. ఎండాకాలం డబ్బు పోసి ట్యాంకర్లతో తెప్పించిన నీళ్లు మట్టిలోకి ఇంకిపోతుంటే చూడలేక ఆరు సెన్సర్లు పెట్టించాం. పైపు అదురు నుంచే కరెంటు తయారు చేసుకుంటాయి, బ్యాటరీ మార్చే పని లేదన్నారు.

ఆ మాట నిజమే. లోపల ఉండేది పీజో బిళ్ల, గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ పుట్టించేదీ అలాంటిదే. పైపు అదిరినప్పుడల్లా మైక్రోవాట్లలో కరెంటు ఇస్తుంది, ఆ కరెంటు దాచుకునే కెపాసిటర్ నిండేదాకా సెన్సర్ ఆగి, పైపులో లీకు చప్పుడు ఉందేమో కాసేపు విని, ఒక మెసేజ్ పంపి మళ్లీ పడుకుంటుంది. మోటారు పక్కనున్నది బాగా చార్జ్ అయ్యేది కానీ మోటారు రొదనే లీకు అనుకుని మొదటి నెలంతా ఉత్తుత్తి అలారాలు. మోటారు ఆగి, కుళాయిల వాడకం కూడా తగ్గే రాత్రి రెండు నుంచి నాలుగు మధ్యలోనే వినేలా మార్పించాక కుదురుకుంది.

అసలు చిక్కు లైను చివర. అక్కడ నీళ్ల వాడకం తక్కువ, పైపు పెద్దగా అదరదు, చార్జ్ నిండదు. వారం రోజులు మెసేజ్ రాకపోతే లీకు లేదనుకోవాలా, సెన్సర్‌కే ఓపిక లేదనుకోవాలా? ఆ టెన్షన్ పడలేక, లీకున్నా లేకున్నా రోజుకోసారి హాజరు చెప్పాల్సిందేనని పట్టుబట్టాను, చెప్పలేని రెండింటి చోట బ్యాటరీవి పెట్టించాను. కొనేవాళ్లు ముందు అడగాల్సింది ఈ హాజరు సంగతే. ఇంకోటి, సెన్సర్ ఉండే గుంత (చాంబర్) మీద ఇనుప మూత ఉంటే సిగ్నల్ బయటికి రాదు, మేం ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) మూతలు వేయించాం.

జీఐ లైనులో మాత్రం డబ్బుకు తగ్గ పని చేశాయి. బి బ్లాకు దారిలో లీకుందని వరసగా మూడు రాత్రులు చూపిస్తే, మా ప్లంబర్ ఇనుప కడ్డీ చెవికి ఆనించి వింటూ వెళ్లి తవ్వించాడు, పైపులు కలిపే సాకెట్ దగ్గర మరను తుప్పు తినేసింది. పైన నేల పొడిగానే ఉంది, సెన్సర్ లేకపోతే ఎన్నాళ్లు పోయేవో ఆ నీళ్లు. పీవీసీలో చప్పుడు దూరం పోదు, ప్లాస్టిక్ మింగేస్తుంది. కొద్ది మీటర్ల దూరంలో జాయింట్ ఊడినా సెన్సర్ పలకలేదు, గడ్డి చెమ్మగా ఉందని తోటమాలే చెప్పాడు.

జీఐకి మళ్లీ కొంటాను. పీవీసీ వైపు నీళ్ల మీటరు బిగించాం, రాత్రి రెండింటికి ముల్లు తిరుగుతోందేమో చూసి వాచ్‌మన్ వాట్సాప్‌లో పెడుతున్నాడు.