యమహా 701 టాప్ ఎండ్ కిట్: పిస్టన్లు బాగున్నాయి, పోర్టుల అంచులు మాత్రం దగ్గరుండి చూసుకోవాలి

ఐదుకి నాలుగు స్టార్లు. పాత టూ స్ట్రోక్ జెట్ స్కీల్లో వచ్చే యమహా 701 ఇంజన్‌కి బయటి కంపెనీ చేసే ఫోర్జ్‌డ్ (పోత కాకుండా ఒత్తిడితో మలిచిన) పిస్టన్ కిట్ ఇది, 0.50 మి.మీ. ఓవర్‌సైజు, అంటే అసలు సైజు కన్నా అంత పెద్దది. సిలిండర్‌ని ఆ సైజుకి తొలిచే బోరింగ్ పని విజయవాడ ఆటోనగర్‌లోనే అయిపోతుంది, హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

పెట్టెలో రెండు పిస్టన్లు, నాలుగు రింగులు, రెండు గజన్ పిన్నులు (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపేవి), నాలుగు పిన్ లాకులు, రెండు స్మాల్ ఎండ్ బేరింగులు, ప్యాకింగ్ సెట్ ఉన్నాయి. స్టాండర్డ్ బోరు 81 మి.మీ., కాబట్టి పిస్టన్ తల మీద 81.50 అని ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలిస్తే రెండు పిస్టన్లకీ తేడా 0.01 మి.మీ. లోపే. పిన్ను కాస్త ఆయిల్ రాసి బొటనవేలితో నొక్కితే దిగుతోంది, సుత్తి పని లేదు. స్టార్ తగ్గింది ప్యాకింగుల వల్ల. ఎగ్జాస్ట్ ప్యాకింగ్ అంచు పోర్టులోకి (సిలిండర్‌లో గ్యాసులు వచ్చిపోయే దారిలోకి) ఒక మిల్లీమీటరు పొడుచుకొచ్చింది. బ్లేడుతో కోసి బిగించాలి.

బోరింగ్‌కి బ్లాకు ఒక్కటే ఇచ్చి రాకండి. పిస్టన్లు కూడా ఇచ్చి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో మార్కు చేయించి, దేని కొలతకు దాన్ని బోరు కొట్టించాలి. క్లియరెన్స్ (పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య వదిలే ఖాళీ) ఎంతో పెట్టెలోని కాగితంలో ఉంటుంది, అదే మేస్త్రీకి చూపించండి. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. మామూలు పోత పిస్టన్‌కి పెట్టే క్లియరెన్సే దీనికీ పెడితే నాలుగు మూలలా గీసుకుని పట్టేస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది పోర్టుల దగ్గర. బోరు కొట్టాక పోర్టుల అంచులు కత్తిలా తయారవుతాయి. పిస్టన్ పైకీ కిందికీ ఆడేటప్పుడు రింగు పోర్టులోకి కాస్త ఉబ్బి మళ్లీ లోపలికి రావాలి. అంచు పదునుగా ఉంటే అక్కడ తగులుకుని విరుగుతుంది. విరిగిన ముక్క హెడ్‌నీ పిస్టన్ తలనీ చితక్కొడుతుంది, కొత్త కిట్ ఒక్కరోజులో తుక్కు. లారీ ఇంజన్ల స్లీవులు చేసే షాపుల్లో ఆ అంచుల పదును తీసే చాంఫర్ పని అలవాటు ఉండదు, ఆ స్లీవులకు పోర్టులే ఉండవు కదా. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బైకు సిలిండర్లు చేసే మేస్త్రీని వెతుక్కోండి, ఆయనకి చెప్పాల్సిన పనే ఉండదు. బ్లాకు తీసుకునే ముందు చిన్న దూదిపింజ తీసుకుని ప్రతి పోర్టు అంచు మీదా రుద్దండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే మొహమాటపడకుండా వెనక్కిచ్చి, చాంఫర్ చేయించి, మళ్లీ లైట్‌గా హోనింగ్ (లోపలి గోడని సానరాళ్లతో రుద్దడం) పట్టించండి. మేం చూసిన పనిలో సైజు చక్కగా వచ్చింది, ఎగ్జాస్ట్ పోర్టు కింది అంచు దగ్గర మాత్రం పోగులు చిక్కాయి.

హోనింగ్ అయ్యాక పెట్రోల్‌తో తుడిచి సరిపెట్టొద్దు. వేడినీళ్లు, సర్ఫు, బ్రష్షు పెట్టి, తెల్లగుడ్డకి మసి రంగు అంటకుండా పోయేదాకా కడగాలి. ఆరిన వెంటనే ఆయిల్ పట్టించాలి, మన ఉక్కపోతకి పోత ఇనుము చూస్తుండగానే తుప్పు పడుతుంది.

రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో అడ్డంగా సమానంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో రింగు రెండు కొసల మధ్య గ్యాప్ చూడాలి. అంగుళం బోరుకి నాలుగు థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లెక్కన ఈ సైజుకి 0.33 మి.మీ.కి తక్కువ ఉండకూడదు. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు. లాకు నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి వద్దు. లాకులు ఎక్కించేటప్పుడు క్రాంక్ కేసు నోట్లో గుడ్డ కుక్కండి. లాకు ఎగిరి లోపల పడితే ఇంజన్ మొత్తం విప్పాలి.

పాత పిస్టన్‌ని పారేయకండి, అదే జబ్బు చెబుతుంది. ఒక్క సిలిండర్‌లో, ఎగ్జాస్ట్ వైపే గీతలుంటే దానికి పెట్రోల్ చాలలేదు. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ తేమ పీలుస్తుంది, కార్బొరేటర్‌లోని చిన్న జాలీ మూసుకుపోతుంది, డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) గట్టిపడుతుంది. క్రాంక్ సీలు గాలి పీల్చినా ఇదే ఫలితం. కార్బొరేటర్, ఎగ్జాస్ట్ నోళ్లు మూసి 8 పీఎస్‌ఐ గాలి పట్టించి ఐదు నిమిషాలు చూడండి, గేజ్ ముల్లు దిగకూడదు. రెండు పిస్టన్లూ చుట్టూ గీసుకుని ఉంటే నీటి సమస్య. ఈ ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు జెట్ పంపు నుంచే వస్తాయి. ప్రకాశం బ్యారేజీ ఎగువన గుర్రపుడెక్క పంపు జాలీకి చుట్టుకున్నా, లోతు తక్కువ చోట ఇసుక లాగినా పైపులు పూడుకుపోతాయి. కిట్ ఎక్కించే ముందు ఆ పైపులన్నీ విప్పి ఊదాలి.

హెడ్ బోల్టులు మాన్యువల్లోని టార్క్ ప్రకారం రెండు విడతల్లో, ఎదురెదురుగా బిగించండి. తర్వాత రెండు ప్లగ్గులూ తీసి, వైర్లు ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూస్తే రెండు సిలిండర్లకీ పది శాతం మించి తేడా ఉండకూడదు. ఆయిల్ పంపు ఉన్నా మొదటి ట్యాంకుకి 50:1 (50 వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్) కలపండి. పంపు తీసేసిన బండికి మొదటి ట్యాంకు 25:1. గట్టు మీద నీళ్ల పైపు పెట్టి నడిపేటప్పుడు ముందు ఇంజన్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజన్. తారుమారైతే నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి.

ఆర్డర్ పెట్టే ముందే సిలిండర్ కొలిపించండి. పాత బండ్లు చాలావరకు ఒకసారి బోరింగ్ అయినవే ఉంటాయి, అప్పుడు 0.50 పనికిరాదు, 0.75 గానీ 1.00 గానీ తెప్పించుకోవాలి. బ్లాకు మీద పోతపోసిన నంబరు 61ఎక్స్ ఉందా, 62టీ ఉందా చూసి, ప్యాకింగ్ సెట్ దాని ప్రకారమే అడగండి.