రెండు సీట్ల కారులో ఆరు రోజులు: డిక్కీలో చోటుంది, బరువుకే చోటు లేదు

నేనూ మా తమ్ముడూ చిన్న స్పోర్ట్స్ కారులో ఆరు రోజులు తిరిగొచ్చాం, మూడు చోట్ల బస. ఎక్కడ ఏది బాగుంది అని రాద్దామని కూర్చుంటే ప్రతిదీ కారు మోసే బరువు దగ్గరికే వచ్చి ఆగుతోంది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. మా కారుకి మనుషులు, సామాను కలిపి 165 కిలోలు. కలిపి అన్న మాట చూడండి. నేను 74, తమ్ముడు 81, అంటే మేమిద్దరం కూర్చోగానే 155 అయిపోయింది, మిగిలింది 10 కిలోలు. ఈ లెక్క బయల్దేరే ముందు వేసుకోలేదు, డిక్కీలో పట్టింది కదా అని సర్దేశాం: బట్టల బ్యాగులు రెండు 18, కెమెరా పెట్టె, స్టాండు 11, పనిముట్ల పెట్టె 9, నీళ్ల క్యాన్ 8. మొత్తం 46 కిలోలు, అయినా డిక్కీలో ఇంకా కాస్త ఖాళీ!

మొదటి రోజు సాయంత్రానికే తెలిసిపోయింది. చిన్న గుంత పడినా వెనక నుంచి ధడ్‌మని చప్పుడు. సస్పెన్షన్ చివరిదాకా దిగి రబ్బరు స్టాపర్లకి కొట్టుకుంటోంది. చీకటి పడ్డాక ఎదురొచ్చే వాళ్లందరూ లైట్లు కొడుతున్నారు, వెనక కిందికి కుంగి ముందు లేవడంతో మా హెడ్‌లైట్లు వాళ్ల కళ్లలోకే పోతున్నాయి. లైట్లు దించే చిన్న చక్రం స్టీరింగ్ పక్కనే ఉందని తమ్ముడే చూసి తిప్పాడు.

మొదటి బస గది శుభ్రంగా ఉంది, మంచం బాగుంది, కానీ పార్కింగ్ నేలమాళిగలో. దిగే ర్యాంప్ చివర మలుపు దగ్గర సైలెన్సర్ కింద గీసుకుంది. గది బుక్ చేసేటప్పుడు పార్కింగ్ ఉందా అని అడిగాను కానీ ఎలాంటిదని అడగలేదు. పెద్ద కార్ల వాళ్లకి ఇది మంచి బసే, కింద ఎత్తు తక్కువున్న కారుకి మాత్రం నేను చెప్పను.

పొద్దున్నే లారీలు తూచే వే బ్రిడ్జి దగ్గరికి వెళ్లాం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సర్వీస్ ఇదే. మొత్తం 1280 కిలోలు చూపించింది, పరిమితి 1245. "అన్నా, మూడు శాతం కూడా ఎక్కువ లేదు కదా" అన్నాడు తమ్ముడు. నిజమే, కానీ కాటా ఆయన్ని అడిగి వెనక చక్రాల్ని విడిగా తూయిస్తే 680 వచ్చింది, వెనక ఇరుసు పరిమితి 660. డిక్కీ వెనక ఇరుసు కంటే కూడా వెనక్కి ఉంటుంది, అక్కడ పెట్టిన బరువంతా దాని మీద పడటమే కాదు, తక్కెడలా ముందు చక్రాల మీద బరువును కాస్త తగ్గిస్తుంది కూడా. స్టీరింగ్ తేలిగ్గా, పట్టు లేనట్టు అనిపించింది అందుకే.

టైరు మీద నంబరు చూసి ధైర్యం తెచ్చుకునే వాళ్లున్నారు. మా టైర్ల మీద 84 అని ఉంటుంది, అంటే ఒక్కోటి 500 కిలోలు మోస్తుంది, నాలుగూ కలిపి 2000. అది టైరు సామర్థ్యం, కారుది కాదు. స్ప్రింగులు, బేరింగులు, బ్రేకులు అంతకి చేసినవి కావు. టైరు కూడా సరైన గాలి ఉంటేనే అంత మోస్తుంది, అదీ బండి నడపకముందు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ట్యాంకు సగమే నింపితే మరి? 45 లీటర్ల పెట్రోలు సుమారు 33 కిలోలు, సగం అంటే 16 తగ్గుతుంది, కానీ స్టిక్కర్ మీది 165 అప్పటికే నిండు ట్యాంకు లెక్క తీసేశాక మిగిలింది. కాబట్టి ఆ తగ్గినదాన్ని సామానుకి వాడుకోవాలని నాకనిపించలేదు, బంకు ఎక్కడ వస్తే అక్కడ నింపక తప్పదు కదా.

అక్కడే పార్సిల్ సర్వీసులో 28 కిలోలు ఇంటికి పంపేశాం, క్యాన్‌లో నీళ్లు పారబోశాం. మిగిలింది ఒక్క బ్యాగు, కెమెరా, పది కిలోలే.

కొండ మీద రెండో బస చిన్న హోమ్‌స్టే. గది ఇరుకే, అయినా మూడింటిలో దానికే నా ఓటు. వాషింగ్ మెషీన్ ఉంది కాబట్టి తలా రెండు జతలతో సరిపోయింది, పార్కింగ్ సమతలంగా గేటు పక్కనే. దిగేటప్పుడు రెండో గేరులోనే వచ్చాం, బ్రేకుల వాసన రాలేదు, మలుపుల్లో కారు మళ్లీ మాకు తెలిసిన కారులా తిరిగింది. ఆ ఘాట్ రోడ్డు కోసమే ఈ కారు తీసుకెళ్లాం, మొదటి రోజు బరువుతోనే ఎక్కి ఉంటే ఆ ఆనందం ఉండేది కాదు.

మూడో బస సముద్రం పక్కన. గాలి, వెలుతురు అద్భుతం, కారు మాత్రం చాలా దూరంలో పెట్టి నడవాలి. ఒక్క బ్యాగే కాబట్టి నడిచేశాం. రిసెప్షన్‌లో ఆవిడ "మిగతా సామాను ఎప్పుడు తెస్తారండీ?" అని అడిగింది. ఇదేనండీ మొత్తం అన్నాను.