కేకలేసే కోచ్, కనుక్కునే కోచ్: పిల్లలకు ఏది మేలు?

మా అక్క కూతురు నెల్లూరులో రెండేళ్లుగా పరుగు నేర్చుకుంటోంది. ఇప్పటికి ఇద్దరు కోచ్‌లు మారారు. పొద్దున్నే దింపే డ్యూటీ నాదే కాబట్టి గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని ఇద్దరినీ చూశాను.

మొదటాయనది కేకల పద్ధతి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే రెండు రౌండ్లు అదనం. టైమ్ సరిగ్గా రాలేదా, ఆ పూటంతా పిల్లతో మాట్లాడరు. ఫలితం లేదనను, 400 మీటర్లలో మూడు నెలలకే వేగం పెరిగింది. ఒకరోజు స్కూటీ ఎక్కబోతూ కాలు పట్టుకుంది. ట్రాక్ ప్యాంటు పైకి లాగి చూస్తే మోకాలి కింద క్రేప్ బ్యాండేజీ. పది రోజులుగా నొప్పట!

"సార్‌కి చెప్పలేదేందమ్మా?"

"సాకులంటారు మామా."

ఇప్పుడున్న మేడమ్ రాగానే రాత్రి నిద్ర పట్టిందా, కాళ్లెలా ఉన్నాయని అడుగుతారు. 200 మీటర్ల పరుగులు ఆరా, 300 మీటర్లవి నాలుగా, నువ్వే చెప్పమంటారు. చెప్పాక మాత్రం ఒక్కటి కూడా తగ్గనివ్వరు. బద్ధకస్తులకు ఇక్కడ కాస్త సందు దొరుకుతుంది, మొదట్లో మా పిల్ల కూడా వాడుకుంది.

డెసీ, రయాన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషికి లోపల్నుంచి ఉత్సాహం రావాలంటే మూడు కావాలంటారు: నా ఇష్టంతో చేస్తున్నాననే భావన, నాకు చేతనవుతుందనే నమ్మకం, నన్ను పట్టించుకునేవాళ్లున్నారనే ధీమా. మొదటాయన దగ్గర రెండోది ఒక్కటే దొరికింది, అదీ టైమ్ బాగా వచ్చిన రోజునే.

"మరి బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ కఠినంగా లేడా?" అంటాడు మా బావ. నిజమే. పాత ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టినాయన, మనకు గొప్పే. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు సింధు దగ్గర మూడు నెలలు ఫోన్ లేకుండా చేశారు, అక్కడికి వెళ్లాక ఐస్‌క్రీమ్ కూడా మాన్పించారు. రజతం రాగానే ఫోన్ ఇచ్చేస్తా, ఇష్టమైంది తినొచ్చు అన్నదీ ఆయనే. ఆ కట్టడికి కారణం ఉంది, గడువూ ఉంది. టైమ్ రాలేదని పిల్లతో మాట మానేయడానికి ఏముంది?

నా ఓటు మేడమ్‌కే. పోటీకి ముందు పదిహేను రోజులు మాత్రం కాస్త గట్టిగా ఉంటే బాగుండుననిపిస్తుంది, ఆ మాట ఆవిడతోనూ అన్నాను, నవ్వి ఊరుకున్నారు.

మొన్న పిల్లకి మళ్లీ కాలు లాగింది. ఈసారి మేడమ్ ఫోన్ చేసి చెబితేనే మాకు తెలిసింది.