లోకల్ టీవీ ప్రొడ్యూసర్లూ, "మీ ఎపిసోడ్ గెలిచింది" అని మెయిల్ వస్తే డబ్బు కట్టకండి

మా టీవీ ఎపిసోడ్‌ని పోటీకి పంపిన ఒక ఫెస్టివల్ నిర్వాహకుడితో మాట్లాడి ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అమెరికాలో తమ ఊరి యాక్సెస్ ఛానెల్‌కి (కేబుల్ టీవీలో ఊరివాళ్ళే కార్యక్రమాలు చేసుకునే ఛానెల్) తెలుగు కార్యక్రమాలు చేసేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. వాళ్ళలో ఎవరూ ఇలా నష్టపోకూడదని వెంటనే రాస్తున్నాను. ఫెస్టివల్ పేరు పెట్టడం లేదు. "కమ్యూనిటీ మీడియా ప్రొడ్యూసర్లకు ప్రత్యేక విభాగం" అంటూ మెయిల్ అందుకున్నవాళ్ళకి ఎవరి సంగతో అర్థమవుతుంది.

మాది బోస్టన్‌కి పడమటి వైపు ఊరు. యాక్సెస్ స్టేషన్ పద్ధతి మీకు తెలిసిందే. క్లాసుకి వెళ్ళి నేర్చుకుంటే కెమెరా, స్టూడియో, ఎడిటింగ్ గది ఊళ్ళోవాళ్ళకి ఇస్తారు. ప్రకటనలు వేయకూడదు, దేన్నీ అమ్మకూడదు. కేబుల్ కంపెనీ ఊరికి కట్టే ఫీజుతోనే చాలా స్టేషన్లు నడుస్తాయి. 1984 కేబుల్ చట్టం ఆ ఫీజుకి కంపెనీ కేబుల్ ఆదాయంలో 5 శాతం అని పరిమితి పెట్టింది. జనం కేబుల్ తీసేస్తున్న కొద్దీ ఆ డబ్బు కూడా తగ్గిపోతోంది. అందుకే ఫెస్టివల్ ఎంట్రీ ఫీజుకి స్టేషన్‌ని అడగలేదు. మా వాలంటీర్లమే తలా కొంత వేసుకున్నాం. ఎంట్రీకి 45 డాలర్లు, జడ్జీల రాతపూర్వక అభిప్రాయం కావాలంటే మరో 60. మా పిల్లలు ఎడిటింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు, తెలిసినవాళ్ళు చూసి తప్పొప్పులు చెబితే మేలు కదా అని ఆ 60 కూడా కట్టాం.

పంపిన ఎపిసోడ్ అరగంటది. మనవల్ని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నల గురించి. అందులో తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిల్లాడి సాక్సులు మడతపెడుతూ మాట్లాడతారు. "ఏడున్నరకి కొడుకూ కోడలూ వెళ్ళిపోతే ఇంట్లో వినపడేది ఆ ఫ్రిజ్ చప్పుడొక్కటే నాయనా" అంటారు. ఆ మాట కోసమే ఎపిసోడ్ మొత్తంలో ఎక్కడా సంగీతం పెట్టలేదు. ఆ ఫ్రిజ్ రొదని అలాగే ఉంచాం. మా టీమ్‌లో దాని మీద పెద్ద వాదనే జరిగింది, చివరికి అందరం ఒప్పుకుని ఉంచాం.

మొన్న మెయిల్ వచ్చింది, మా విభాగంలో మేమే విజేతలమని. దానికి రెండు కాగితాలు జత చేశారు. ఒకటి ట్రోఫీ కావాలంటే 185 డాలర్లు, పోస్టేజీ అదనం అని బిల్లు. రెండోది జడ్జీల అభిప్రాయం. అందులో ఏం రాశారో తెలుసా? "ఉత్సాహం నింపే నేపథ్య సంగీతం", "కనువిందు చేసే ప్రకృతి దృశ్యాలు" అట! మా ఎపిసోడ్‌లో సంగీతమే లేదు. కెమెరా ఒక్కసారి కూడా ఇల్లు దాటి బయటికి రాలేదు.

అప్పుడు మా వీడియో పెట్టిన సైట్, విమియో, తెరిచి చూశాను. వాళ్ళకని విడిగా పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చిన లింకు అది, ఇంకెవరికీ ఇవ్వలేదు. డౌన్‌లోడ్ చేసుకునే వీలు కూడా లేదు. ప్లేలు: 0. ఒక్కరు కూడా, ఒక్కసారి కూడా దాన్ని నొక్కలేదు.

నిర్వాహకుడికి ఫోన్ చేసి ఇదే అడిగాను. మొదట టెక్నికల్ సమస్య అన్నాడు. సంగీతం సంగతి ఎత్తితే గొంతు మారిపోయింది. "మీరు యాక్సెస్ టీవీ వాళ్ళే కదా. అసలు మీకు చూసేవాళ్ళెవరైనా ఉన్నారా? గెలిచారని చెప్పాం, ఇంకేం కావాలి?" అన్నాడు.

డబ్బు పోతే పోయింది. ఈ మాట మాత్రం మింగుడు పడటం లేదు. మాకు చూసేవాళ్ళున్నారు. సీనియర్ సెంటర్‌లో ఆ ఎపిసోడ్ వేస్తే తెలుగు ఒక్క ముక్క రాని ముసలివాళ్ళు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆ పెద్దావిడని వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు. వందమంది చూసినా, పదిమంది చూసినా, అది ఊరివాళ్ళు ఊరివాళ్ళ కోసం చేసుకున్న పని. "ప్రత్యేక విభాగం" అని పిలిచి, ఫీజు తీసుకుని, ఆ పనిని ఇంత చులకన చేసే హక్కు అతనికి ఎవరిచ్చారు?

ఇంకా బాధేమిటంటే, బహుమతి వచ్చిందని ఆవిడకి అప్పటికే చెప్పేశాం. ఆవిడ అదే రాత్రి తెనాలిలో వాళ్ళ అక్కయ్యకి వీడియో కాల్ చేసి చెప్పుకున్నారు. ఇప్పుడు ఆవిడ ఇంటికి వెళ్ళి, మీ మాట ఎవరూ వినలేదండీ అని నేనే చెప్పాలి.

ట్రోఫీకి డబ్బు కట్టలేదు. కట్టిన ఫీజులు వెనక్కి ఇప్పించమని కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేశాను, ప్లేల లెక్కనీ జడ్జీల కాగితాన్నీ జత చేశాను.

మీరు ఎక్కడికైనా పంపేముందు జడ్జీల పేర్లు, పోయినేడు ఏ హాల్లో ప్రదర్శించారో అడగండి. చెప్పకపోతే వదిలేయండి. ఒక్కో ఫెస్టివల్‌కి ఒక్కో విడి లింకు ఇవ్వండి, చూశారో లేదో తెలుస్తుంది. హక్కుల నిబంధన చదవండి. మనతో మాట్లాడినవాళ్ళు సంతకం పెట్టింది మన ఛానెల్ కోసమే కానీ, వీళ్ళు ఎక్కడంటే అక్కడ వాడుకోవడానికి కాదు. మీ స్టేషన్ స్టాఫ్‌ని కూడా ఒక మాట అడగండి. అలయన్స్ ఫర్ కమ్యూనిటీ మీడియా వాళ్ళ హోంటౌన్ మీడియా అవార్డ్స్ ఉన్నాయి. ఆ అలయన్స్ 1976 నుంచి యాక్సెస్ రంగం కోసమే పనిచేస్తున్న సంస్థ, ముందు అక్కడ చూడండి.

ఇదే ఫెస్టివల్ నుంచి మీకూ "గెలిచారు" అని మెయిల్ వచ్చి ఉంటే, జడ్జీల అభిప్రాయం కాగితం దాచిపెట్టి నాకు మెసేజ్ చేయండి. అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఆ ఫెస్టివల్ ఎంట్రీలు తీసుకునే సబ్మిషన్ సైట్ వాళ్ళకి కలిసి ఫిర్యాదు చేద్దాం.