కవరు లైసెన్సుకు, పటం అమ్మకానికి: ఫాంటసీ బొమ్మల బేరంలో ఏది మేలు?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంటి నుంచే ఫాంటసీ నవలలకు బొమ్మలు (పుస్తకం అట్ట మీది కవర్లు, కథలోని రాజ్యాల పటాలు, అంటే మ్యాపులు) వేసేవాళ్లకు పని మూడు వైపుల నుంచి వస్తుంది: తెలుగు రచయితలు, ఒడియా రచయితలు, సొంతంగా పుస్తకాలు వేసుకునే విదేశీ రచయితలు. భాష ఏదైనా బేరం చివరికి ఒకచోటే చిక్కుకుంటుంది. బొమ్మ మీద హక్కు ఎవరిది, డబ్బు ఏ లెక్కన? దారులు మూడు: హక్కులన్నీ ఒకేసారి అమ్మేయడం, ఫలానా వాడకానికి మాత్రం లైసెన్సు ఇవ్వడం, రాయల్టీలో వాటా తీసుకోవడం.

ముందు మూడోదాని సంగతి తేల్చేద్దాం. తొలి నవల రాసినవాళ్లు తరచూ ఇదే అడుగుతారు: "ఇప్పుడు డబ్బు లేదండీ, పుస్తకం క్లిక్కయితే పది శాతం మీకే." లెక్క వేసి చూడండి. కాపీకి రచయిత చేతికి 60 రూపాయలు వస్తే మీ వాటా 6 రూపాయలు. 15,000 రూపాయల కవరు డబ్బు రాబట్టాలంటే 2,500 కాపీలు పోవాలి. పైగా రచయితలు సొంతంగా పుస్తకాలు వేసుకునే అమెజాన్ సేవ కేడీపీ రాయల్టీ మొత్తాన్ని ఒక్క ఖాతాలోనే వేస్తుంది, ఇద్దరికి పంచదు. ఎన్ని అమ్ముడయ్యాయో మీకు కనబడదు, అడిగి తెలుసుకోవాల్సిందే. స్నేహాలు చెడేది అక్కడే. కాదనలేని మనిషైతే సగం డబ్బు ముందే తీసుకుని, మిగతా సగానికే వాటా ఒప్పుకోండి. మూడు నెలలకోసారి అమ్మకాల రిపోర్టు పంపాలని రాయించుకోండి.

అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే. ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా గీసినవారిదే హక్కు. కానీ అదే చట్టంలోని సెక్షన్ 17(బి) ప్రకారం, ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగుకు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు. అంటే వాట్సాప్‌లో "సరేనండి, మొదలుపెట్టండి" అన్న మాట మీద పని చేస్తే, లైసెన్సు ఇచ్చాననుకున్న బొమ్మ అమ్ముడైపోయినట్టే కావచ్చు. డిజిటల్ బొమ్మ పెయింటింగు కిందికి వస్తుందా రాదా అనే వాదన లాయర్లకు వదిలేయండి. ఒప్పందంలో ఈ వాక్యం పెడితే చాలు: "బొమ్మపై కాపీరైట్ వేసినవారిదే, కింద రాసిన వాడకాలకు మాత్రమే రచయితకు అనుమతి."

ఆ వాడకాలు విడివిడిగా రాయాలి: ఈబుక్, పేపర్‌బ్యాక్, ఆడియోబుక్, ప్రచారం. ఏ భాషల్లో, ఏ దేశాల్లో, ఎన్నేళ్లు అన్నదీ రాయాలి. గడువు రాయకపోతే మన చట్టం 5 ఏళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేననీ లెక్కిస్తుంది. ప్రపంచమంతా అమ్ముకునే రచయితకు ఇది నష్టం కాబట్టి ఆ సంగతి మీరే ముందు చెప్పండి. నమ్మకం కుదురుతుంది, రెండో భాగం కవరు కూడా మీ దగ్గరికే వస్తుంది.

ఫాంటసీకి లైసెన్సే మేలని గట్టిగా చెప్పడానికి కారణముంది. ఈ కథలు ఒక్క పుస్తకంతో ఆగవు. మొదటి కవరు మీది డ్రాగన్ తర్వాత బుక్‌మార్కు మీదికి, టీషర్టు మీదికి, కార్డుల ఆటలోకి వెళ్తుంది. లైసెన్సులో అలాంటి ప్రతి కొత్త వాడకానికీ కొత్త ధర. హక్కులన్నీ అమ్మేస్తే మొదటి చెక్కే ఆఖరి చెక్కు. తప్పనిసరిగా అమ్మాల్సి వస్తే లైసెన్సు ధరకు రెండు మూడు రెట్లు అడగండి, బొమ్మను మీ నమూనాల్లో చూపించుకునే అనుమతి రాయించుకోండి. అమెరికా ఒప్పందాల్లో 'వర్క్ ఫర్ హైర్' అన్న మాట కనిపిస్తే ఆగి చదవండి. ఆ మాట చెల్లిన చోట చట్టం దృష్టిలో ఆ బొమ్మ సృష్టికర్త మీరు కాదు, వేయించుకున్నవారే.

మరో మాట. రాయగడ, గజపతి కొండల్లో సవర గిరిజనులు గోడల మీద వేసే చిత్రాన్ని ఇడితాల్ అంటారు, అది దేవతలకు, పితరులకు సమర్పించేది. ఆ బొమ్మలనే ఎత్తి కవరు అంచులో పెట్టి హక్కులన్నీ అమ్మితే, మనది కానిదాన్ని అమ్మినట్టు. అలాంటి పని వస్తే ఒప్పుకోకండి.

పటాల దగ్గర మాత్రం తీర్పు తిరగబడుతుంది. రచయిత ఊహించిన రాజ్యం పటం మీకు ఇంకెక్కడా పనికిరాదు. రచయితకేమో ప్రతి భాగంలోనూ కావాలి, మూడో భాగంలో నది దారి మళ్లిందంటే మార్చుకోవాలి. అందుకే పటాన్ని లేయర్ల ఫైలుతో (బొమ్మలోని ఒక్కో భాగం ఒక్కో పొరగా విడిగా మార్చుకునే ఫైలుతో) సహా పూర్తిగా అమ్మేయడమే ఇద్దరికీ సుఖం. ఊళ్ల పేర్లు వేరే లేయర్లో ఉంచండి. రెండు పేజీల పటమైతే మధ్యలో, కుట్టు దగ్గర, అర అంగుళం ఖాళీ వదలండి. లేకపోతే రాజధాని మడతలో మాయమవుతుంది.

కవరుకు లేయర్ల ఫైలు ఇవ్వకండి. ఇస్తే లైసెన్సు కాగితం మీదే మిగులుతుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో), పొరలన్నీ ఒకటిగా కలిపి చదును చేసిన ఫైలు చాలు. పుస్తకం వెన్ను వెడల్పు ముందే తేలదని గుర్తుంచుకోండి. కేడీపీలో క్రీమ్ కాగితానికి పేజీకి 0.0025 అంగుళం, అంటే 400 పేజీలకు సరిగ్గా ఒక అంగుళం. రచయిత ఆఖర్లో 40 పేజీలు కలిపితే వెన్ను 1.1 అవుతుంది, దాని మీది అక్షరాలు పక్కకు జారతాయి. ఒక అంగుళం వెన్నున్న 6×9 అంగుళాల పుస్తకానికి చుట్టూ 0.125 అంగుళం బ్లీడ్‌తో (అంచు కోతలో పోయే అదనపు బొమ్మతో) కవరు మొత్తం 13.25×9.25 అంగుళాలు కావాలి. ఎడమ వైపు ఇంకో అర అంగుళం ఎక్కువ గీసి ఉంచుకుంటే మళ్లీ బ్రష్ పట్టాల్సిన పని ఉండదు. మంత్రదండం చివర మెరిసే నీలం తెరమీద ఎంత వెలిగినా సీఎంవైకేలో, అంటే అచ్చు రంగుల్లో, మసకబారుతుంది. ఆ వెలుగు చుట్టూ చీకటి పెంచండి, రంగును పెంచి లాభం లేదు.

డబ్బు మూడు విడతలుగా తీసుకోండి: మొదలుపెట్టేముందు 40 శాతం, రఫ్ (తొలి చిత్తు గీత) ఖాయమయ్యాక 30, ఆఖరి ఫైలుకు ముందు 30. రఫ్ దశలో రెండు మార్పులు ఉచితం, ఆపైన ప్రతి దానికీ రేటు. ఆన్‌లైన్లో పనులు కుదిర్చే ఫైవర్ లాంటి చోట 20 శాతం కమీషన్ పోతుంది కాబట్టి ధర అది కలిపే చెప్పండి. డెలివరీ తేదీని అక్టోబరు మధ్యలో పెట్టకండి: 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ మన తీరానికి అప్పుడే వచ్చాయి. తుపాను వస్తే గడువు పది రోజులు జరుగుతుందన్న వాక్యం ఒప్పందంలో ఉంచి, ఫైళ్లు రోజూ క్లౌడ్‌లోకి ఎక్కించండి.